సామాను అమ్ముతామంటే మనుషులొస్తారు

ఈ కరోనా కాలంలో మీ ఇంటికి నలుగురు మనుషులు రావాలని ఉందా? అయితే ఇంట్లో సామాను అమ్మకానికి పెట్టండి! ఇంతకు మించిన ఉపాయం భూప్రపంచంలో లేదు.

పుట్టినరోజు చేస్తే రారు. "గైడ్‌లైన్స్ ఒప్పుకోవు కదండీ" అంటారు. ప్రార్థన కూడిక పెడితే జూమ్‌లో వస్తారు. వీడియో ఆపేసి, మ్యూట్‌లో పెట్టి, అవతల పప్పు తాలింపు వేసుకుంటారు. ఇక జబ్బు పడ్డారా, చచ్చినా రారు! దణ్ణం పెట్టే చేతుల బొమ్మలు వాట్సాప్‌లో వరసగా పంపించి ఊరుకుంటారు. అదే గ్రూపులో "సోఫా అమ్ముతున్నాం" అని ఒక్క ముక్క పెట్టి చూడండి. మీ గేటు ఊడి వాళ్ళ చేతికొస్తుంది!

ఇదంతా ఊహించి రాస్తున్నానని మీరు అనుకుంటే పొరపాటు. ఈ ఆగస్టు నెలలో, కార్క్ ఊళ్ళో, మా ఇంటి ముందు స్వయంగా యార్డ్ సేల్ నిర్వహించి, తల ప్రాణం తోకకు తెచ్చుకుని, ఆ అనుభవం మీద చెబుతున్నాను. కనుక కొంచెం భయభక్తులతో చదవండి.

ముందు సంగతి చెప్పాలి. మా ఆవిడ డెబోరా ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. మొన్న జనవరిలో ఐర్లండ్ అంతా మూలుగుతున్న రోజుల్లో వార్డులో ఆవిడకూ అంటుకుంది. మేడ మీద గదిలో ఆవిడ, కింద నేనూ, మా అమ్మాయి జెమీమా. దేవుడి దయవల్ల తేరుకుంది. మళ్ళీ డ్యూటీకి వెళ్ళింది. ఆసుపత్రివాళ్ళు రమ్మన్నారు, రోగులు రమ్మన్నారు. వద్దనుకున్నది ఎవరయ్యా అంటే మన తెలుగువాళ్ళే!

నోటితో అనలేదు లెండి. మనవాళ్ళు మహా మర్యాదస్తులు! ఇండియన్ షాపులో మా ఆవిడ ఎదురుపడితే పప్పుల వరసలోంచి సబ్బుల వరసలోకి జారుకునేవాళ్ళు, అంతే. వేసవి వచ్చింది. అందరికీ టీకాలు పడ్డాయి. హోటళ్ళు తెరిచారు. జనం పబ్బుల బయట బెంచీల మీద భుజాలు రాసుకుంటూ కూర్చున్నారు. మా ఇంటి బెల్ మాత్రం పార్సిల్ కుర్రాడు తప్ప ఎవరూ నొక్కలేదు.

"ఒక్క మనిషి వచ్చి మనింట్లో కూర్చుని కాఫీ తాగితే బాగుండునండీ" అంది డెబోరా ఒక రోజు, గిన్నెలు తోముతూ. ఏడవలేదు, ముక్కు చీదలేదు. మామూలుగానే అంది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. రాత్రంతా ఎవరి అమ్మకో ఊపిరి ఆడించి వచ్చే మనిషి అడగాల్సిన కోరికా ఇది? ఈ జనాన్ని మా గుమ్మం ముందుకు రప్పించి, ఆవిడ ఎదురుగా నిలబెట్టకపోతే నా పేరు స్తెఫను కాదనుకున్నాను.

యార్డ్ సేల్ అప్పుడే తట్టింది.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. యార్డ్ సేల్ అంటే మన ఇంటి పాత సామాను మన ఇంటి ముందే పరిచి అమ్ముకోవడం. ఐర్లండ్‌లో ఈ పని మైదానాల్లో, కారు డిక్కీ తెరిచి పెట్టి చేస్తారు. దాన్ని కార్ బూట్ సేల్ అంటారు. వచ్చిన కొత్తలో బూట్లు చవగ్గా దొరుకుతాయి కాబోలని వెళ్ళి, నా కాలి సైజు అడిగి నవ్వులపాలయ్యాను. కరోనాతో ఆ మైదానాలు మూతపడ్డాయి. ఇక మిగిలింది కారు పెట్టుకునే జాగా. కారు తీసి రోడ్డు మీద పెట్టండి, మీ షాపు సిద్ధం!

విజయవంతమైన సేల్‌కి మొదటి సూత్రం, ఎందుకు అమ్ముతున్నారో ఎవరికీ చెప్పకండి. నేను గ్రూపులో "శనివారం మా ఇంట్లో సామాను అమ్మకం, అందరూ ఆహ్వానితులే" అని మాత్రమే రాశాను. ఇక చూడండి! గంటలో మాకు కెనడా వీసా వచ్చేసింది. సాయంత్రానికి డెబోరా ఉద్యోగం పోయింది. మర్నాటికి ఇంటి ఓనరు మమ్మల్ని వెళ్ళగొట్టాడు. ఎనిమిది నెలలుగా మేము బతికున్నామో లేదో అడగనివాళ్ళు, మేము ఎక్కడికి పోతున్నామో తెలుసుకోవడానికి ఫోన్ల మీద ఫోన్లు! నేను ఒక్కటే మాట అన్నాను: "శనివారం రండి, మాట్లాడుకుందాం."

రెండో సూత్రం సరుకు. మొదటి లాక్‌డౌన్‌లో కొన్న వ్యాయామం సైకిలు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. మాది బట్టలు ఆరేసుకోవడానికి దివ్యంగా పనికొస్తోంది. దాన్ని తుడిచి ముందు పెట్టాను. సోఫా కూడా బయటికి లాగాను. బ్రెడ్డు చేసే మిషను, వెయ్యి ముక్కల జిగ్‌సా బొమ్మ, అందులో ఏనుగు తొండం ముక్కలు కనబడటం లేదు, దర్జాగా పెట్టాను. ఎవరికీ అక్కర్లేని సామాను చూస్తేనే మనవాళ్ళకు ధైర్యం వస్తుంది. తమ ఇంట్లోనూ అదే చెత్త ఉంది కదా!

కానీ నా అసలు ఎర ఇవేవీ కావు. డబ్బాలు! స్టీలు డబ్బాలు!

మన ఇళ్ళ పద్ధతి మీకు తెలిసిందే. ఎవరైనా డబ్బాలో కూర పంపిస్తే, ఆ డబ్బాను ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు. కడిగి, అందులో ఏదో ఒకటి వేసి ఇవ్వాలి. ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా. మేము శకునాలూ గికునాలూ నమ్మం అని గట్టిగా చెప్పుకునేవాళ్ళమే. అయినా ఖాళీ డబ్బా ఇవ్వమంటే డెబోరాకు చెయ్యి రాదు. గుంటూరైనా కార్క్ అయినా, గుడైనా చర్చి అయినా, డబ్బా దగ్గరికొచ్చేసరికి తెలుగువాళ్ళందరిదీ ఒకటే మతం.

అలా వాళ్ళ డబ్బాలో మన గోంగూర, మన డబ్బాలో వాళ్ళ జంతికలు వెళ్ళి వస్తూ ఉండేవి. కాన్పు అయిన ఇంటికి, కొత్తగా దిగిన స్టూడెంట్లకు, అందరికంటే ఎక్కువ డబ్బాలు మా ఇంటి నుంచే వెళ్ళేవి. నిరుడు మార్చిలో ప్రభుత్వం మనుషుల్ని ఇళ్ళల్లో కూర్చోబెట్టింది. ఎవరి డబ్బాలు ఎవరింట్లో ఉంటే అక్కడే ఆగిపోయాయి. మా వంటింటి అలమర నిండా ఊళ్ళోవాళ్ళ డబ్బాలే. "అన్నీ తెరిచాక ఒక్కొక్కటే నింపి, వాళ్ళ వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ఇచ్చొస్తాను" అనేది డెబోరా. తెరిచారు. కానీ ఈవిడ వస్తానంటే వాళ్ళు "ఈ వారం కుదరదండీ" అనేవాళ్ళు. ప్రతి వారమూ కుదరని వారమే!

అందుకని ఆ శనివారం, నైట్ డ్యూటీ చేసి వచ్చి ఆవిడ మేడ మీద పడుకున్నాక, ఆ డబ్బాలన్నీ తెచ్చి బల్ల మీద ముందు వరసలో పేర్చాను. మూతల మీద చెక్కిన పేర్లు రోడ్డు మీదికి కనబడేలా తిప్పి మరీ పెట్టాను. ఎవరి డబ్బా వాళ్ళకే అమ్మడం! ఇంతటి వ్యాపార రహస్యం ఏ బిజినెస్ స్కూల్లో చెబుతారు?

మొట్టమొదట వచ్చింది పక్కింటి నొరీన్. ఐరిష్ పెద్దావిడ, చేతిలో కొలత టేపు. నేను వీధి గ్రూపులో "ప్రెస్ అమ్మబడును, పెద్దగా వాడలేదు" అని ఇంగ్లీషులో రాశాను. తీసుకెళ్ళి ఇస్త్రీపెట్టె చూపించాను. ఆవిడ దాన్నీ, టేపునూ, నన్నూ మార్చి మార్చి చూసింది.

"డాడ్, ప్రెస్ అంటే కబర్డ్, లైక్. దట్స్ అన్ ఐరన్!" అని జెమీమా కార్క్ యాసలో నా పరువు తీసింది.

నేను తగ్గుతానా? ఇస్త్రీపెట్టె గొప్పదనం వర్ణించాను. "ఆహ్, యు'ర్ గ్రాండ్" అంది నొరీన్. బ్రెడ్డు మిషను చూపించాను. "నో నో, ఐయామ్ గ్రాండ్" అంది. సైకిలు చూపించాను. దానికీ గ్రాండే! మన దగ్గర గ్రాండ్ అంటే పెళ్ళి గ్రాండ్‌గా చేశారు అంటాం. ఇంత మెచ్చుకుంటోంది కదా అని నేను ధర పెంచుకుంటూ పోయాను. ఈ దేశంలో ఆ మాటకు "వద్దులే నాయనా" అని అర్థమట! ఆవిడ నవ్వుతూ వెళ్ళిపోయాక జెమీమా చెప్పింది. ఏడేళ్ళ నుంచి ఈ ఊళ్ళో ఎంతమంది నన్ను వద్దన్నారో, నేను ఎంత పొంగిపోయానో!

తరవాత మనవాళ్ళు దిగారు. ఆహా, ఏమి సంరంభం! రెండేసి మాస్కులు, చేతికి గ్లవ్స్, జేబులో స్ప్రే సీసా. అందరికంటే ముందు మా ప్రార్థన కూటం పెద్ద ఏలీయా అన్న. సైకిలుకు సీటు నుంచి చక్రాల దాకా స్ప్రే కొట్టి, ఎక్కి కూర్చుని తొక్కడం మొదలుపెట్టాడు.

"వందనాలు బ్రదర్! ఎక్కడికి మీ ప్రయాణం? కెనడాకేనా?"

"అంతా దేవుని చిత్తం అన్నా" అన్నాను, ఆకాశంలోకి చూస్తూ.

"అయితే ఈ సైకిలు నేను తీసుకుంటాను. మనలో మనకు ధరలేంటి బ్రదర్?"

చూశారా! ఫెలోషిప్ అంటే అదీ. జబ్బు ఎవరిది వాళ్ళది, సైకిలు మాత్రం అందరిదీ.

చుట్టూ చూసి గొంతు తగ్గించి "సిస్టర్ లేరా?" అన్నాడు. "నైట్ చేసి పడుకుంది" అన్నాను. అక్కడ నిలబడ్డ వాళ్ళందరి ముఖాల్లో ఎంత ఊరట! మాస్కుల మీదుగా కూడా కనబడింది. కొందరు రెండో మాస్కు తీసి జేబులో పెట్టుకున్నారు. నా పళ్ళు పటపటలాడాయి గానీ వ్యాపారస్తుడు కోపగించుకోకూడదు.

అప్పుడు కేక పెట్టింది కోటేశ్వరి గారు. మా వెనక వీధిలోనే ఉంటారు. ఒకప్పుడు ఆవిడా, డెబోరా రోజూ కలిసి నడకకు వెళ్ళేవాళ్ళు.

"అయ్యో, ఇది మాదే కదండీ! తిరుపతయ్య అంటే మా నాన్న. నా పెళ్ళికి ఆయనే పేరు చెక్కించి ఇచ్చారు!"

"మీదేనండీ. అందుకే మీకు స్పెషల్ డిస్కౌంట్."

"నా డబ్బా నాకే అమ్ముతారా స్తెఫను గారూ? ఇదెక్కడి చోద్యం?"

"మరి ఇన్నాళ్ళూ వచ్చి తీసుకెళ్ళలేదుగా!"

"కరోనా కదండీ!"

"ఇప్పుడు పోయిందా? సామాను అమ్ముతున్నారంటే కరోనాకు సెలవా?"

ఇంతలో మిగతావాళ్ళకూ తమ పేర్లు కనబడ్డాయి. "అది మా పెద్దమ్మాయి డబ్బా!" "ఆ మూత మాది, కింది భాగం మాది కాదు!" గోల, గోల! ఇంత గోలకు శవమైనా లేస్తుంది. డెబోరా లేచింది.

నైటీ మీద చున్నీ కప్పుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అంతే. ఎవరో ఈల వేసినట్టు జనమంతా ఒక్కసారి వెనక్కి జరిగారు. ఏలీయా అన్న సైకిలు దిగబోయి, పెడల్లో కాలు ఇరుక్కుని, కంచె పొదలో కూలబడ్డాడు. ఆవిడకు నెగటివ్ వచ్చి ఏడు నెలలైంది. ప్రతి వారమూ ఆసుపత్రివాళ్ళు ముక్కులో పుల్ల పెట్టి చూస్తూనే ఉన్నారు. ఆ గుంపులో అందరికంటే ఆరోగ్యం రుజువైన మనిషి ఆవిడే!

డెబోరా వాళ్ళను చూడలేదు. బల్ల వంక చూసింది. సోఫా ఎందుకు బయట పెట్టారని అడగలేదు. "ఏవండీ! ఖాళీ డబ్బాలు జనానికి ఇస్తున్నారా?" అంది, నేనేదో దొంగతనం చేసినట్టు. గబగబా వచ్చి తిరుపతయ్య గారి డబ్బా అందుకుంది. "ఒక్క నిమిషం ఉండండి కోటేశ్వరి గారూ. గోంగూర ఉంది, వేసిస్తాను."

"వద్దండీ, వద్దు! అక్కడ పెట్టెయ్యండి. నేను తీసుకుంటాను."

అక్కడ పెట్టెయ్యండి. ఏడాదిన్నరగా పార్సిల్ కుర్రాడితో మనందరం అనే మాట. డబ్బా పట్టుకున్న డెబోరా చెయ్యి ఎక్కడిదక్కడే ఆగిపోయింది. మొన్నటిదాకా ఆ చెయ్యి పట్టుకుని నడిచిన మనిషి అంటోంది ఆ మాట. నాకు నాలుక చివరిదాకా బూతులొచ్చాయి. అమ్మాయి పక్కన ఉంది కాబట్టి ఆగాను.

కోటేశ్వరి గారు అక్కడే నిలబడి ఏడవడం మొదలుపెట్టారు. మాస్కు తడిసి ముఖానికి అతుక్కుపోయింది.

"జనవరిలో మీకు చారు కాచానండీ. డబ్బాలో పోసుకుని మీ వీధి మలుపు దాకా వచ్చాను. మళ్ళీ వెనక్కి వెళ్ళిపోయాను. పోలీసు గార్డులు ఆపుతారేమోనని..."

"లాక్‌డౌన్‌లో ఇంటి నుంచి అయిదు కిలోమీటర్లు దాటితేగా గార్డులు ఆపేది! మీ పెరట్లో బట్టలు మా కిటికీలోంచి కనబడతాయి" అన్నాను నేను. ఊరుకోలేకపోయాను.

"అవునండీ. గార్డులంటే కాదు. మీరంటే భయమేసింది డెబోరా గారూ. మా పిల్లాడికి ఆయాసం ఉంది కదా. ఇంటికెళ్ళి సింకులో పారబోశాను. ఆ తరవాత మీ ముఖం చూడ్డానికి సిగ్గేసి..."

పొదలోంచి లేచిన ఏలీయా అన్న ఆకులు దులుపుకోవడం మానేశాడు.

డెబోరా ఆ డబ్బా మూత తీసింది. లోపల చున్నీ కొంగుతో తుడిచింది. మూత పెట్టి, ముందుకు నడిచి, కోటేశ్వరి గారి ఎదురుగా నిలబడింది.

"ఇదిగోండి. ఖాళీగానే ఇస్తున్నాను. పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ ఖాళీ డబ్బా ఇవ్వలేదు. మీకే ఇస్తున్నాను. నింపి మీరే తీసుకురండి. గేటు దగ్గర పెట్టి పోవడం కుదరదు. లోపలికొచ్చి, కూర్చుని, కాఫీ తాగి వెళ్ళాలి."

కోటేశ్వరి గారు గ్లవ్స్ తీసేసి, రెండు చేతులతో ఆవిడ చేతిలోంచి అందుకున్నారు.

ఇక మా ఆవిడ ఆగలేదు. వరసగా ఒక్కొక్క డబ్బా తీసి, పేరు చదివి, మనిషిని పిలిచి, చేతికిచ్చింది. "ఏలీయా అన్నా, ఇది మీది. ఖాళీదే." ఏలీయా అన్న చెయ్యి అలవాటుగా స్ప్రే సీసా మీదికి వెళ్ళింది. డెబోరా అలాగే చూస్తూ నిలబడింది. ఆ చెయ్యి మళ్ళీ వెనక్కి వచ్చి బుద్ధిగా డబ్బా పట్టుకుంది.

వందల ప్రసంగాలు చేసిన ఆ మనిషి చివరికి ఏదో అనాలని, "మరి ప్రయాణం ఎప్పుడు సిస్టర్?" అన్నాడు.

"ఏం ప్రయాణం అన్నా? మేము ఎక్కడికీ వెళ్ళట్లేదు. ఇక్కడే ఉంటాం."

అప్పుడు చూడాలి ముఖాలు! వెళ్ళిపోతారంటే ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో, ఉంటామంటే అంత కంగారు. ఉండిపోయేవాళ్ళతో పెద్ద చిక్కే మరి. మళ్ళీ షాపులో ఎదురుపడతారు, మళ్ళీ పలకరించాలి. పైగా ఇప్పుడు ప్రతివాళ్ళ ఇంట్లోనూ మా ఆవిడ చేతి మీదుగా వెళ్ళిన ఖాళీ డబ్బా ఒకటి కూర్చుని ఉంటుంది!

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, నా యార్డ్ సేల్ బ్రహ్మాండంగా జయప్రదమైంది. ఒక్క వస్తువూ అమ్ముడుపోలేదు. సైకిలు మీద మళ్ళీ తువ్వాళ్ళు ఆరుతున్నాయి. మీరు కూడా వెంటనే మీ ఇళ్ళ ముందు బల్లలు వేయండి. జబ్బు పడితే డాక్టరుకు చెప్పండి, మనుషులు కావాలంటే మాత్రం సోఫా అమ్ముతున్నామని చెప్పండి. మన సంఘం అంత గొప్పగా ఉంది!

ఇంకో చిన్న మనవి. సేల్ అయ్యి ఇవ్వాళ్టికి వారం దాటింది. డబ్బాలు పట్టుకెళ్ళిన వాళ్ళలో తిరిగొచ్చింది కోటేశ్వరి గారు ఒక్కరే. మిగతావాళ్ళు "ఈ వారం కుదరలేదు" అని మెసేజ్ పెట్టారు. వాళ్ళు కూడా ఈ కాలమ్ చదువుతారని నాకు తెలుసు. పేర్లు రాయను. మీ డబ్బాల మీద ఎలాగూ ఉన్నాయి.

కోటేశ్వరి గారు మాత్రం చారు తెచ్చారు. మా సోఫాలో కూర్చున్నారు. మాస్కు తీసి కాఫీ మొత్తం తాగారు. డెబోరా ఆవిడ ఎదురుగానే చారు గ్లాసులో పోసుకుని గడగడా తాగేసి, "అబ్బ, ఎంత బాగుందో కోటేశ్వరి గారూ! ఇలాంటి చారు తాగి ఎన్నాళ్ళయిందో!" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు, ఏడ్చారు, మళ్ళీ నవ్వుకున్నారు.

ఆవిడ వెళ్ళాక నేనూ ఒక గ్లాసు పోసుకున్నాను. కంగారులో మర్చిపోయారు కాబోలు, అందులో ఉప్పే లేదు. డెబోరాకు జనవరి నుంచి ఏ రుచీ తెలియడం లేదు. వచ్చేవాళ్ళు ఏం తెచ్చినా పరవాలేదు. త్వరగా రండి.